తక్కువ ఖర్చులో కారు టైర్లు: భద్రత తగ్గకుండా ఎంచుకోవడం ఎలా?

కారు ఎంత పెద్దదైనా రోడ్డును తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కో చోట తాకే రబ్బరు సుమారు అరచేయంత. బ్రేకులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ), స్టీరింగ్ ఎంత బాగా పనిచేసినా చివరికి ఆ కాస్త రబ్బరు రోడ్డును పట్టుకుంటేనే ఫలితం. అందుకే టైర్ల ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఇది: పేరు దగ్గర తగ్గించుకోండి, సైజు దగ్గర వీలుంటే తగ్గించుకోండి, షాపువాళ్లు అంటగట్టే అదనపు సేవల దగ్గర తప్పకుండా తగ్గించుకోండి. తడి రోడ్డు మీద పట్టు, టైరు వయసు, మోయగల బరువు, ఈ మూడింటి దగ్గర మాత్రం బేరం వద్దు. ఈ మూడూ కాపాడుకుంటూనే గణనీయంగా ఆదా చేయవచ్చు. ఎలాగో వరుసగా చూద్దాం.

1. కొత్తవి కొనేముందు పాత టైర్లను పరిశీలించండి

చాలామంది ఈ పని చేయరు. పాత టైర్లు ఎలా అరిగాయో చూడకుండా కొత్తవి వేయిస్తే, పాతవాటిని తినేసిన లోపమే కొత్తవాటినీ తింటుంది. అప్పుడు ఎంత చవగ్గా కొన్నా నష్టమే.

రెండు అంచులూ ఎక్కువ అరిగి మధ్యభాగం బాగుంటే, చాలాకాలం గాలి తక్కువతో నడిపారని అర్థం. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది. ఒకవైపు అంచు మాత్రమే అరిగితే వీల్ అలైన్‌మెంట్ (చక్రాలు ఉండాల్సిన కోణం) తప్పింది, లేదా సస్పెన్షన్‌లో ఏదో భాగం వదులైంది. చేత్తో తడిమితే గుంటలు గుంటలుగా తగిలితే షాక్ అబ్జార్బర్లనో బ్యాలెన్సింగ్‌నో (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా సరిచేయడం) అనుమానించాలి. ఈ లోపం సరిచేయించడానికయ్యే ఖర్చు కూడా టైర్ల బడ్జెట్‌లో భాగమే అనుకోండి.

తర్వాత, అసలు మార్చాల్సిన సమయం వచ్చిందో లేదో చూడండి. కారు టైరు కొత్తగా ఉన్నప్పుడు గాడుల లోతు సాధారణంగా 8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. గాడుల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు కట్టలు ఉంటాయి. ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల పొర) అరిగి ఆ కట్టలతో సమానమైతే ఆ 1.6కి చేరినట్టే. కానీ చట్టం గీసిన గీత వేరు, వాన నీళ్లు గీసే గీత వేరు. లోతు 3 మిల్లీమీటర్ల కంటే తగ్గాక గాడులకు నీటిని పక్కకు తోసే శక్తి బాగా పడిపోతుంది. నీరు నిలిచిన రోడ్డు మీద టైరు నీటి పైపొర మీదే తేలిపోయే ప్రమాదం పెరుగుతుంది. వానలు పడే చోట నడిపేవాళ్లు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ట్రెడ్ లోతు కొలిచే గేజ్ చాలా చవక, ఒకటి కారులో పెట్టుకోండి.

సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) మీద ఉబ్బు కనిపిస్తే మాత్రం లోతు ఎంతున్నా ఆగకండి. గుంటలో పడ్డప్పుడు లోపలి దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది. దానికి రిపేరు లేదు.

2. సైజు, బరువు, వేగం: మూడూ రాసుకోండి

డ్రైవర్ వైపు డోరు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది, మాన్యువల్‌లో ఎలాగూ ఉంటుంది. దాని మీద టైరు సైజు, గాలి ఎంత ఉండాలో రాసి ఉంటాయి. ఇప్పుడు కారుకున్న టైరును కాకుండా ఈ స్టిక్కర్‌నే ఆధారంగా తీసుకోండి. ముందు వాడినవాళ్లు తప్పు సైజు వేయించి ఉండొచ్చు.

ఉదాహరణకు 195/65 ఆర్15 91హెచ్ అని ఉందనుకుందాం. 195 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే సైడ్‌వాల్ ఎత్తు, వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు అడ్డంగా ఉండే రకం. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. షాపులో అందరూ ఇక్కడిదాకానే చూసి ఆగిపోతారు. అసలు చూడాల్సింది చివరనున్న 91, హెచ్.

91 అనేది లోడ్ ఇండెక్స్. ఆ టైరు 615 కిలోలు మోయగలదని అర్థం. అదే 88 అయితే 560 కిలోలే. ఒక్క టైరుకు 55 కిలోల తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ నాలుగు టైర్లకు కలిపితే 220 కిలోలు. అంటే ముగ్గురు పెద్దవాళ్ల బరువు. సామాను, కుటుంబం ఎక్కించుకుని ఎండలో దూరం వెళ్లేరోజు ఈ తేడా టైరులో వేడి రూపంలో బయటపడుతుంది. "88 ఉంది, చవగ్గా ఇస్తాను, ఏం కాదు" అని ఎవరైనా అంటే వెనక్కి వచ్చేయండి.

హెచ్ అనేది స్పీడ్ రేటింగ్. టి అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210, వి అంటే 240. మనం అంత వేగంగా ఎలాగూ వెళ్లం కదా, తక్కువ రేటింగ్‌ది తీసుకుంటే ఏమవుతుందన్న సందేహం సహజమే. అయితే ఆ అక్షరం చెప్పేది వేగం ఒక్కటే కాదు, వేడిని టైరు ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది. కాబట్టి కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. అలాగని పై మెట్టుది కొనాల్సిన పనీ లేదు. హెచ్ సరిపోయే కారుకు వి వేసుకుంటే చాలాసార్లు అవసరం లేని గుణానికి డబ్బు కట్టినట్టే.

3. సైజు మార్చి ఆదా చేయొచ్చా?

కొన్నిసార్లు చేయొచ్చు. ఒకే మోడల్ కారును కంపెనీ రెండు మూడు రిమ్ సైజులతో అమ్ముతుంది. హయ్యర్ వేరియంట్‌లో అందం కోసం పెద్ద రిమ్ములు ఇస్తారు. వాటి టైర్లు సాధారణంగా ఖరీదెక్కువ, సైడ్‌వాల్ సన్నగా ఉండటంతో గుంటల్లో దెబ్బతినే అవకాశమూ ఎక్కువ. మీ కారు స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో చిన్న సైజు కూడా రాసి ఉంటే ఆ రిమ్ములకు మారడం దీర్ఘకాలంలో లాభం. ఉదాహరణకు 205/55 ఆర్16 టైరు మొత్తం వ్యాసం సుమారు 632 మిల్లీమీటర్లు, 195/65 ఆర్15ది సుమారు 634. రెండూ దాదాపు సమానం కాబట్టి స్పీడోమీటర్ లెక్క తప్పదు. కంపెనీ ఒప్పుకోని సైజుకు మాత్రం వెళ్లకండి. చిన్న రిమ్ము లోపల బ్రేకు కాలిపర్ (బ్రేకు డిస్కును నొక్కి పట్టే భాగం) పట్టకపోవచ్చు.

4. తడి రోడ్డు పట్టు: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

పొడి రోడ్డు మీద మామూలు వేగంలో మంచి టైరుకూ నాసిరకం టైరుకూ తేడా చాలామందికి తెలియదు. చవక టైర్ల మీద "చాలా స్మూత్‌గా ఉన్నాయి" అన్న అభిప్రాయాలు వచ్చేది అందుకే. కొత్త టైరు ఏదైనా మొదటి వారం స్మూత్‌గానే ఉంటుంది. తేడా బయటపడేది వానలో గట్టిగా బ్రేకు తొక్కిన క్షణంలో.

యూరప్‌లో అమ్మే టైర్ల మీద ఉండే లేబుల్ తడి పట్టును ఎ నుంచి ఇ దాకా మెట్లుగా చూపిస్తుంది. 2012లో మొదలైన ఈ లేబుల్‌ను 2021 మే 1 నుంచి కొత్త రూపంలోకి మార్చారు. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే, మంచి తడి పట్టున్న టైర్లు 30 మీటర్లలో ఆపాయనీ, పట్టు తక్కువవి 48 మీటర్లు తీసుకున్నాయనీ అనుకుందాం. లెక్క వేస్తే, మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండో కారు ఇంకా గంటకు దాదాపు 50 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. ఆ చోట ఒక మనిషి ఉంటే? టైరులో ఆదా చేసిన డబ్బును ఈ తేడాతో తూచి చూడండి.

ఈ గుణం ఎక్కడి నుంచి వస్తుంది? ముఖ్యంగా రబ్బరు మిశ్రమం నుంచి. టైరుకు నలుపు, గట్టిదనం ఇచ్చేది కార్బన్ బ్లాక్. 1990ల మొదట్లో మిషెలిన్ దాని స్థానంలో సిలికాను ఎక్కువగా కలిపి, తడి పట్టు తగ్గకుండానే దొర్లేటప్పుడు వృథా అయ్యే శక్తిని తగ్గించింది. ఇప్పుడు మంచి కంపెనీలన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. సిలికాను రబ్బరులో సరిగ్గా కలపడం ఖర్చుతో, నైపుణ్యంతో కూడిన పని. బాగా చవకైన టైర్లలో కోత పడేది తరచు ఇలాంటి చోటే. గాడుల డిజైన్‌ను చూసి కాపీ కొట్టొచ్చు కానీ మిశ్రమం కంటికి కనిపించదు.

లేబుల్ ఉంటే తడి పట్టులో ఎ లేదా బి ఉన్నవే చూడండి, సి కంటే కిందికి దిగకండి. అమెరికా పద్ధతిలో సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ (అరుగుదల), ట్రాక్షన్ (పట్టు), టెంపరేచర్ (వేడిని తట్టుకోవడం) అనే మూడు గుర్తులుంటాయి. ట్రాక్షన్‌కు ఎఎ, ఎ, బి, సి మెట్లు. ఎ తగ్గకుండా చూసుకోండి. అయితే ఆ గుర్తు తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టునే చెబుతుంది, మలుపులో పట్టు గురించి ఏమీ చెప్పదు. ట్రెడ్‌వేర్ అంకెను కంపెనీ తనే ఇచ్చుకుంటుంది. అందువల్ల ఒకే కంపెనీ టైర్లను పోల్చుకోవడానికి అది పనికొస్తుంది కానీ, ఒక కంపెనీ 500ను ఇంకో కంపెనీ 400తో పోల్చి తేల్చేయకండి. పైగా ఆ అంకె మరీ పెద్దదైతే రబ్బరు గట్టిదై పట్టు తగ్గే అవకాశం ఉంది. "జీవితాంతం అరగదు" అన్న టైరు నాకు సంతోషం కలిగించదు, అనుమానం కలిగిస్తుంది.

లేబుల్ కంటే మంచి ఆధారం స్వతంత్ర పరీక్షలు. జర్మనీ ఆటోమొబైల్ క్లబ్ ఏడీఏసీ, అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ లాంటి సంస్థలు టైర్లను కొని, ఒకే కారుకు ఒకే ట్రాక్ మీద పరీక్షించి ఫలితాలు ప్రచురిస్తాయి. వాటిని చదివేటప్పుడు మొత్తం ర్యాంకు దగ్గర ఆగకుండా తడి బ్రేకింగ్ మీటర్లు చూడండి. శబ్దం ఎక్కువని, త్వరగా అరుగుతుందని కింది ర్యాంకు పడ్డ టైరు తడి బ్రేకింగ్‌లో మొదటి వరుసలో ఉండొచ్చు. అలాంటివే చవగ్గా దొరికే మంచి టైర్లు. మీ సైజులోనే పరీక్షించారో లేదో కూడా చూడండి, సైజు మారితే ఫలితం కొంత మారుతుంది.

5. పేరు దగ్గర ఎలా తగ్గించాలి?

పెద్ద కంపెనీలు దాదాపు అన్నీ తమ ప్రధాన బ్రాండ్ కింద ఇంకో ధరలో ఇంకో బ్రాండ్ నడుపుతాయి. కాంటినెంటల్‌కు సెంపెరిట్, బారమ్, జనరల్ టైర్ ఉన్నాయి. మిషెలిన్‌కు బీఎఫ్‌గుడ్‌రిచ్, క్లెబెర్ ఉన్నాయి. హాన్‌కూక్‌కు లాఫెన్, బ్రిడ్జ్‌స్టోన్‌కు ఫైర్‌స్టోన్. ఇవి ప్రధాన బ్రాండ్‌తో సమానమని కాదు, కానీ వెనకాల పరిశోధన, నాణ్యతా పరీక్షలు, టైరులో లోపం తేలితే వెనక్కి తీసుకునే వ్యవస్థ ఉంటాయి. నా దృష్టిలో ధరకు తగ్గ విలువ ఎక్కువగా దొరికేది ఈ మధ్యశ్రేణిలోనే. మరో మంచి దారి, పెద్ద బ్రాండ్ కొత్త మోడల్ తెచ్చినప్పుడు తగ్గింపులో వచ్చే దాని ముందుతరం మోడల్. తయారీ తేదీ సరిగ్గా ఉంటే సందేహించక్కర్లేదు.

పెద్ద పేరు ఒక్కటే హామీ కాదన్నదీ నిజమే. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. వాటి ట్రెడ్ ఊడి రావడం వల్ల చాలా ప్రమాదాలు జరిగాయి. మీరు కొనబోయే మోడల్‌కు రీకాల్ ఏమైనా ఉందేమో వెతకడానికి ఐదు నిమిషాలు చాలు.

ఎవరు తయారుచేశారో, ఎవరు బాధ్యులో తెలియని పేర్లకు, ఏ స్వతంత్ర పరీక్షలోనూ కనిపించని మోడళ్లకు దూరంగా ఉండండి.

6. ధర కాదు, కిలోమీటరు ఖర్చు చూడండి

ఒక టైరు ధర 100 అనుకుందాం, 40 వేల కిలోమీటర్లు నడుస్తుంది. ఇంకోటి ధర 70, 25 వేలు నడుస్తుంది. మొదటిదానికి పదివేల కిలోమీటర్లకు 25 పడుతుంది, రెండోదానికి 28. పైగా రెండోది త్వరగా మార్చాలి కాబట్టి ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్ ఖర్చు మళ్లీ మళ్లీ వస్తుంది. దొర్లేటప్పుడు శక్తిని తక్కువ వృథా చేసే టైరైతే ఇంధనంలోనూ కొంత తిరిగి వస్తుంది.

ఈ లెక్క అందరికీ ఒకేలా పనిచేయదు. ఏడాదికి 5 వేల కిలోమీటర్లే నడిపేవాళ్లు ఆరేళ్లలో 30 వేలు దాటరు. ఆలోపే రబ్బరు వయసైపోతుంది. వాళ్లు 60 వేలు నడిచే టైరు కొంటే సగం ఆయుష్షు వాడకుండానే పారేస్తారు. తక్కువ నడిపేవాళ్లు మన్నిక కోసం డబ్బు పెట్టకుండా తడి పట్టు బాగున్న, కాస్త త్వరగా అరిగే టైరు తీసుకోవాలి. రోజూ హైవే మీద తిరిగేవాళ్లకు మాత్రం మన్నిక, ఇంధన ఆదా రెండూ ముఖ్యమే.

7. సెకండ్‌హ్యాండ్ టైర్లు

వద్దు. ఎందుకో లెక్కతోనే చెబుతాను. కొత్త టైరుకు 8 మిల్లీమీటర్ల లోతుంటే, 3 దగ్గర మారుస్తాం కాబట్టి వాడుకునేది 5 మిల్లీమీటర్లు. ధర 100 అయితే మిల్లీమీటరుకు 20. వాడిన టైరులో 5 మిల్లీమీటర్లు మిగిలుండి, సగం ధరకే ఇచ్చారనుకోండి. వాడుకోగలిగేది రెండే మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 25. చవక అనుకున్నదే ఎక్కువ పడింది. దానికి తోడు ఆ టైరు గాలి లేకుండా ఎంత దూరం నడిచిందో, ఏ గుంటలో పడిందో, లోపల ఎన్ని పంక్చర్లు ఎలా వేశారో బయటికి కనిపించదు. డబ్బు నిజంగా చాలకపోతే నాలుగు పాతవి కొనే బదులు రెండు కొత్తవి కొనండి.

8. రెండే కొంటే ఎక్కడ వేయాలి?

వెనక. ఇంజిను ముందు చక్రాలను నడిపే కారైనా సరే, వెనకే. చాలామంది దీన్ని ఒప్పుకోరు, ముందు టైర్లే ఎక్కువ అరుగుతాయి కదా అంటారు. అరగడం సంగతి వేరు, అదుపు సంగతి వేరు. తడి మలుపులో ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది. దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవర్ల వల్ల కాదు. అందుకే టైరు కంపెనీలు కూడా ఎక్కువ లోతున్న జత వెనకే ఉండాలని చెబుతాయి.

ఒకే యాక్సిల్ (ఎడమ, కుడి చక్రాలను కలిపే ఇరుసు) మీద రెండు వైపులా ఒకే మోడల్ ఉండాలి. ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజిను నాలుగు చక్రాలనూ నడిపే) కారైతే టైర్ల మధ్య లోతు తేడా గేర్ల వ్యవస్థనే పాడుచేయొచ్చు, మాన్యువల్ ఎంత తేడా ఒప్పుకుంటుందో చూసి నిర్ణయించుకోండి. మంచు పడే చోట ఉండేవాళ్లు మూడు శిఖరాల కొండ, మంచు రేకు గుర్తున్న టైర్లే ఎంచుకోవాలి. ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు మాత్రమే ఉంటే అది మంచు పరీక్ష నెగ్గిన గుర్తు కాదు.

9. షాపులో, ఫిట్టింగ్‌కు ముందు

టైరు రిమ్ముకు ఎక్కకముందే సైడ్‌వాల్ మీద డాట్ అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. ఒకవైపు కనిపించకపోతే రెండోవైపు ఉంటుంది. సరిగ్గా నిల్వచేసిన టైరు ఏడాది పాతదైనా ఫర్వాలేదు. రెండేళ్లు దాటితే తగ్గింపు అడగండి, మూడేళ్లు దాటితే వద్దనండి. టైరుకు ఆరేళ్లు నిండాక ట్రెడ్ బాగున్నా మార్చమని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి. టైరు కంపెనీలు పెట్టే ఆఖరి గడువు సాధారణంగా తయారీ నుంచి పదేళ్లు. డిక్కీలోని స్టెప్నీకీ ఇదే లెక్క.

బిల్లులో ధర ఒక్కటే కాకుండా ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్, వాల్వులు, పన్నులు అన్నీ కలిపి ఎంతో ముందే అడగండి. ఒక షాపులో తక్కువ చెప్పిన ధర ఇక్కడే పెరుగుతుంది. కొత్త టైరుతో పాటు రబ్బరు వాల్వు కూడా మార్పించండి, ఖర్చు స్వల్పం. బ్యాలెన్సింగ్ తప్పనిసరి. అలైన్‌మెంట్ చూపించుకోవడం మంచిది. నైట్రోజన్ గాలికి మాత్రం అదనంగా డబ్బు కట్టక్కర్లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నెలకోసారి గాలి చూసుకునేవాళ్లకు దానివల్ల వచ్చే తేడా చాలా స్వల్పం.

టైరు మీద బాణం గుర్తుంటే అది ముందుకు తిరిగే దిశలోనే ఉందో లేదో, అవుట్‌సైడ్ అని ఉంటే ఆ వైపు బయటికే ఉందో లేదో మీరే చూడండి. నట్లను చివరగా టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పనిముట్టు) కారుకు తగ్గ కొలతలో బిగించమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు సరిచూపించుకోండి.

10. వేయించాక

కొత్త టైర్లు మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కాస్త జారుతాయి. అచ్చు నుంచి బయటికి తీయడానికి వాడే పదార్థపు పొర అరిగేదాకా గట్టి బ్రేకులు, వేగంగా మలుపులు వద్దు.

గాలి నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు ఒకసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. ఎంత ఉండాలన్నది డోరు స్టిక్కర్ చెబుతుంది. సైడ్‌వాల్ మీద రాసి ఉండే పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. ఎంత నింపాలన్నది ఆ అంకె చెప్పదు. గాలి తక్కువైతే సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది, అంచులు అరుగుతాయి, ఇంధనమూ ఎక్కువ తాగుతుంది.

8 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పిస్తే నాలుగూ సమానంగా అరుగుతాయి. పంక్చర్ పడితే ట్రెడ్ మధ్యభాగంలో, రంధ్రం 6 మిల్లీమీటర్లు మించనప్పుడే రిపేరు చేయించండి. అదీ టైరును రిమ్ము నుంచి విప్పి, లోపల దెబ్బ ఉందో లేదో చూసి, లోపలివైపు నుంచి ప్యాచ్ వేస్తేనే. సైడ్‌వాల్‌లో మేకు దిగితే ఆ టైరు పని అయిపోయినట్టే, అది నిన్న కొన్నదైనా సరే.